రిటైరయ్యాక పోర్చుగల్‌లో ఉందామనుకుంటున్నాం. డి7 వీసా మీద వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి61

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూ ఉంటాను గానీ రాయడం ఇదే మొదలు. నాకు 61. ప్రైవేటు కంపెనీలో 33 ఏళ్లు చేసి మొన్న మార్చిలో రిటైరయ్యాను. మా ఆవిడకి 57. అబ్బాయి, కోడలు మ్యూనిక్‌లో. అమ్మాయి డబ్లిన్‌లో. మేమిద్దరం కూకట్‌పల్లిలో.

రెండు ఫ్లాట్ల అద్దె 58 వేలు, డిపాజిట్ల వడ్డీ 70 వేలు, ఈపీఎస్ పెన్షన్ మూడు వేల చిల్లర. ఉంటున్నది సొంత ఇల్లు. అప్పుల్లేవు.

యూట్యూబ్‌లో ఒకాయన నెలకు లక్ష రూపాయలతో పోర్చుగల్‌లో దర్జాగా బతకొచ్చని చెప్పాడు. ఎండలు మనంత ఉండవు, మనుషులు మంచివాళ్లు, పిల్లలిద్దరి ఊళ్లకీ మూడు గంటల విమానం. వాళ్లకి దగ్గర్లో ఉన్నట్టూ ఉంటుంది, వాళ్ల నెత్తిమీద ఉన్నట్టూ ఉండదు. డి7 అనే వీసా రిటైరైనవాళ్లకి బాగా సరిపోతుందట. నిజంగా వెళ్లినవాళ్లు ఉంటే మంచీ చెడూ చెప్పండి. ముఖ్యంగా చెడు.

కాల్డాస్_రావు

చెడు చెప్పమన్నారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. మస్కట్‌లో 24 ఏళ్లు ఉద్యోగం చేసి 2019లో డి7 మీద ఇక్కడికి వచ్చాం. ఊరు పేరు కాల్డాస్ ద రయిన్యా. లిస్బన్ నుంచి ఉత్తరంగా బస్సులో గంట పైచిలుకు.

ముందు డబ్బు సంగతి. డి7కి పెన్షన్, అద్దె, వడ్డీ లాంటివి, అంటే పని చేయకపోయినా వచ్చే ఆదాయం చూపించాలి. ఇక్కడి కనీస వేతనమే దానికి కొలబద్ద. 2025లో నెలకు 870 యూరోలు, 2026 జనవరి నుంచి 920. భార్యకి అందులో సగం కలుపుకోవాలి. ఇద్దరికీ 2025లో 1,305 అయితే కొత్త లెక్కన 1,380. యూరో వంద రూపాయలు దాటి కూర్చుంది. మీ లక్షా ముప్పై ఒక్క వేలు పాత లెక్కకే అంచున ఉన్నాయి, కొత్త లెక్కకి చాలవు. పైగా ఏడాదికి సరిపడా సొమ్ము, అంటే సుమారు 16,560 యూరోలు, పోర్చుగల్ బ్యాంకు ఖాతాలో ముందే ఉండాలని సాధారణంగా అడుగుతారు.

ఇది వీసాకి కావలసిన కనీసం మాత్రమే, బతకడానికి అయ్యేది కాదు. మా ఇద్దరికీ అద్దెతో కలిపి నెలకు 1,900 అవుతోంది. అదీ మేం పొదుపుగా ఉంటేనే. నేను రెండు గదుల ఇల్లు 450కి తీసుకున్నాను. ఇప్పుడు అదే బిల్డింగులో పై అంతస్తుకి 850 అడుగుతున్నారు. లిస్బన్‌లో అయితే ఆ డబ్బుకి ఒంటి గది కూడా కష్టం. నేను వచ్చిన ఏడాది యూరో 80 రూపాయల లోపే ఉండేది. ఆదాయం రూపాయల్లో, ఖర్చు యూరోల్లో అయితే ఏం జరుగుతుందో ఆరేళ్లుగా చూస్తున్నాను. నాకు కొంత గల్ఫ్ డబ్బు డాలర్లలో ఉంది కాబట్టి సరిపోయింది.

ఇక ఇల్లు. మా ఏజెంటు జూలైలో తీసిన ఫొటోలు పంపాడు. తెల్లటి గోడలు, కిటికీ నిండా ఎండ. మేం దిగింది నవంబర్‌లో. ఇక్కడి పాత ఇళ్లలో హీటింగ్ ఉండదండీ. బయట 10 డిగ్రీలుంటే లోపల 12. వారం తిరిగేసరికి మంచం వెనక గోడంతా నల్లటి బూజు. మా ఆవిడ అల్మారా తెరిస్తే పట్టుచీర అంచు మీద పచ్చగా పొర. గాలిలో తేమ లాగే మిషన్ కొన్నాం, రోజుకి రెండు లీటర్ల నీళ్లు పారబోసేవాణ్ణి. మొదటి చలికాలం పొద్దున లేవగానే నా డ్యూటీ అదే. వేడినీళ్ల గీజరుకి గ్యాస్ సిలిండరు, అచ్చం మన ఊళ్లో లాగే. తలకి షాంపూ పెట్టుకున్నాక గ్యాస్ అయిపోతే ఆ బాధ వర్ణించలేను. కాబట్టి ఇల్లు చూడాలంటే జనవరిలో వచ్చి చూడండి.

మంచి కూడా చెబుతాను, లేకపోతే ఆరేళ్లు ఎందుకున్నానని అడుగుతారు. మా ఊరి నడిబొడ్డున రోజూ పొద్దున పళ్ల సంత పెడతారు. మొదటిరోజు అక్కడ ఒక ముసలామె పైనాపిల్ చూపించి "అననాష్" అంది. అనాస! మా అమ్మమ్మ మాట. మేస్త్రీ, తువాలు, అల్మారా, బొత్తాం, అన్నీ వీళ్ల దగ్గర్నుంచి మనకి వచ్చినవే. కొత్తిమీర కట్టలు కట్టి అమ్ముతారు, యూరప్‌లో అంత కొత్తిమీర తినేవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు. అన్నం కూడా బాగా తింటారు. 65 దాటితే రైలు టికెట్టు సగం ధర. రోడ్డు దాటుతుంటే కారు ఆగుతుంది. మా ఆవిడకి ఇక్కడ బీపీ మాత్ర డోసు తగ్గింది.

జనగామ_బావ

రావుగారూ, గోడకి బూజు, నెలకి రెండు లక్షలు, ఇందుకోసం అంత దూరం పోవాలా? మా ఊర్ల ఇల్లు ఖాళీగనే ఉంది, తెనాలి అన్న వచ్చి ఉండొచ్చు. కొత్తిమీర ఫ్రీ.

లెక్కల_పిచ్చి

నేను విజయవాడలో సీఏ ప్రాక్టీసు చేస్తాను. వీసా సంగతి రావుగారు చెప్పారు. మన వైపు ఏం మారుతుందో యూట్యూబ్ వాళ్లు చెప్పరు, అది చెబుతాను.

స్థిరపడే ఉద్దేశంతో దేశం వదిలాక ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం ప్రకారం మీరు ఎన్నారై. మీ మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వో ఖాతాగా, అంటే ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్నారైలు పెట్టుకునే ఖాతాగా మార్చుకోవాలి. ఎన్నార్వో డిపాజిట్ల వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు. పన్ను కోయవద్దని 15హెచ్ ఫారం ఇచ్చి తప్పించుకునే వీలు ఎన్నారైకి లేదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో డబ్బు పెట్టే అర్హత ఉండదు. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసే రిబేటు రెసిడెంట్లకే. మీరు ఇన్నాళ్లూ కట్టని పన్ను ఇప్పుడు కట్టాల్సి రావచ్చు.

అందరూ మరిచిపోయేది అద్దె. ఓనరు ఎన్నారై అయితే అద్దెకున్నవాడు ప్రతి నెలా అద్దెలో 31.2 శాతం టీడీఎస్ కోసి, పన్ను కోసేవాళ్లకి ఇచ్చే టాన్ నంబరు తీసుకుని, రిటర్నులు వేయాలి. మామూలు అద్దెకి ఉన్న చిన్న పరిమితులు దీనికి వర్తించవు. కూకట్‌పల్లిలో 29 వేల అద్దె కట్టే కుర్రాడికి ఈ మాట చెప్పి చూడండి, మర్నాడే ఇల్లు ఖాళీ చేస్తాడు. రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది వెనక్కి వస్తుంది, నిజమే. కానీ వచ్చేదాకా మీ నెలసరి ఆదాయం 1.31 లక్షలు కాదు, అందులో మూడింట రెండొంతులు. వీసా అధికారికి మీరు చూపించేది ఏ అంకె?

ఇక పోర్చుగల్ వైపు. ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ ఉంటే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చూపించాలి. ఒకప్పుడు విదేశీ పెన్షన్ మీద పదేళ్ల పాటు పన్ను రాయితీ ఉండేది, ఎన్‌హెచ్ఆర్ అనేవారు. ఆ వీడియోలన్నీ దాని గురించే. కొత్తగా వచ్చేవాళ్లకి 2024 నుంచి దాన్ని మూసేశారు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి ఒకే ఆదాయానికి రెండుసార్లు పూర్తి పన్ను పడదు, ఇక్కడ కట్టింది అక్కడ తగ్గిస్తారు. కానీ అక్కడి రేటు ఎక్కువైతే తేడా కట్టాల్సిందే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీని మానేయకండి. తిరిగొచ్చాక 66 ఏళ్ల వయసులో, షుగరుతో కొత్త పాలసీ ఇచ్చేవాడు దొరకడం కష్టం.

మ్యూనిక్_కోడలు

అంకుల్, కంగారు పడకండి, నేను మీ కోడల్ని కాదు, వేరే మ్యూనిక్ కోడల్ని :) మా అత్తమామల కోసం ఈ రీసెర్చ్ అంతా చేశాను కాబట్టి రాస్తున్నా.

పోర్చుగల్ రెసిడెన్స్ కార్డు ఉంటే యూరప్ అంతా మనదే అనుకుంటారు. కాదు. ఆ కార్డుతో జర్మనీకి రావచ్చు గానీ, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు. టూరిస్టు వీసా మీద వచ్చినా దాదాపు అంతే కదా. మనవడు పుట్టాడని ఆర్నెల్లు ఉంటామంటే కుదరదు.

ఇంకోటి, డబ్లిన్. ఐర్లండ్ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో లేదు. పోర్చుగల్ కార్డు ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టుకి ఐరిష్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. మూడు గంటల విమానమే గానీ, ముందు వీసా అప్లికేషన్ ఉంది.

మీ అబ్బాయికి నైపుణ్యం ఉన్న ఉద్యోగి కింద రెసిడెన్స్ పర్మిట్ మొదటిసారి ఎప్పుడు వచ్చిందో అడగండి. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ అయితే, తల్లిదండ్రుల్ని జర్మనీకే పిలిపించుకునే దారి ఒకటి చట్టంలో పెట్టారు. పోషించే స్తోమత, హెల్త్ ఇన్సూరెన్స్ చూపించాలి. ఈ రెండోది దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. 60 దాటి కొత్తగా వచ్చినవాళ్లని ప్రభుత్వ ఇన్సూరెన్స్ చేర్చుకోదు, ప్రైవేటు వాళ్లు చెప్పే ప్రీమియం వింటే కళ్లు తిరుగుతాయి. మా ఆయనకి 2021లోనే పర్మిట్ వచ్చింది కాబట్టి మాకు ఆ దారే లేదు.

తెనాలి61

కోడలమ్మా, డబ్లిన్ సంగతి నాకు అసలు తట్టలేదు. మావాడికి 2022లో వచ్చింది, కాబట్టి ఆ తలుపు మూసుకున్నట్టే. లెక్కలవారూ, అద్దె మీద టీడీఎస్ చదివి రాత్రి నిద్ర పట్టలేదు. స్పెయిన్ ఏమైనా నయమా?

కాల్డాస్_రావు

స్పెయిన్‌లో ఇలాంటి వీసా ఉంది, కానీ ఒక్కరికే నెలకు 2,400 యూరోలు, భార్యకి ఇంకో 600 చూపించాలి. గ్రీసు 2024లో 3,500కి పెంచింది. మీ బడ్జెట్‌కి పోర్చుగలే దగ్గర, అదీ అందీ అందనట్టు.

తెనాలి61

నమస్తే. నేను తెనాలి61 గారి భార్యని. ఆయన వాకింగ్‌కి వెళ్లారు, ఫోను ఇక్కడే పెట్టారు. మీరంతా రాసింది మొత్తం చదివాను. మూడు రోజులుగా ఇంట్లో పోర్చుగల్ తప్ప వేరే మాట లేదు. కానీ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, అందుకే నేనే అడుగుతున్నాను.

మా అమ్మకి 82. తెనాలిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నెలకోసారి వెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తాను. ఆ కార్డు తీసుకున్నాక ఎన్నాళ్లు ఇండియాలో ఉండనిస్తారు?

ఆయనకి ఇంగ్లీషు వచ్చు. నాకు అర్థమవుతుంది గానీ మాట్లాడితే తడబడతాను. అక్కడ ఇంగ్లీషు కూడా కాదట. పగలంతా ఎవరితో మాట్లాడతాను? ఆయనతో 32 ఏళ్ల నుంచి మాట్లాడుతూనే ఉన్నాను.

ఇంకొకటి అడగకూడదేమో, కానీ అడుగుతాను. మా ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయితే రెండోవాళ్ల పరిస్థితి ఏమిటి?

జనగామ_బావ

అక్కా, అసలు ప్రశ్నలు నువ్వే అడిగినవ్. ఇంతసేపు జోకులు వేసిన, ఇక నేను గప్‌చిప్.

కాల్డాస్_రావు

అమ్మా, మొదటి ప్రశ్నకి నాకు తెలిసింది చెబుతాను. మొదటి కార్డు రెండేళ్లకి ఇస్తారు. ఆ రెండేళ్లలో వరుసగా 6 నెలలు గానీ, విడివిడిగా అన్నీ కలిపి 8 నెలలు గానీ దాటి దేశం బయట ఉండకూడదు. తగిన కారణానికి కాగితాలు చూపిస్తే వింటారు, కానీ దాన్నే నమ్ముకుని వెళ్లకూడదు. అంటే సగటున ఏడాదికి నాలుగు నెలలు. అందులోనే మ్యూనిక్, డబ్లిన్, సంక్రాంతి, మీ అమ్మగారు, పెళ్లిళ్లు, అన్నీ. నెలకోసారి తెనాలి మాత్రం కుదరదు.

మనుషుల సంగతికొస్తే, మా ఊళ్లో తెలుగువాళ్లు మేం కాక ఇంకొక్క కుటుంబం. లిస్బన్ లుమియార్ ప్రాంతంలో రాధాకృష్ణ మందిరం ఉంది. మొజాంబిక్ నుంచి వచ్చిన గుజరాతీలు కట్టుకున్నది. అక్కడికి వెళ్తే కడుపునిండా భోజనం, అంతా గుజరాతీ మాటలు. లిస్బన్‌లోనే మార్తిమ్ మోనిజ్ అనే చోట కొట్లలో కరివేపాకు, కందిపప్పు దొరుకుతాయి. మా ఆవిడ మాత్రం భాష నేర్చుకుంది. వలస వచ్చినవాళ్లకి ప్రభుత్వమే ఉచితంగా క్లాసులు పెడుతుంది. నేను రెండు నెలలకే మానేశాను, ఆవిడ ఎ2 అనే ప్రాథమిక స్థాయి భాషా పరీక్ష పాసైంది. ఇప్పుడు గ్యాస్ వాడితో బేరం ఆవిడే ఆడుతుంది, నేను పక్కన సంచి పట్టుకుని నిలబడతాను.

మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు. సుభద్రగారూ, చూస్తున్నారా?

సుభద్ర_పోర్టో

చూస్తున్నానండీ. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

చెల్లీ, మేం 2018లో వచ్చాం, మాది రాజమండ్రి. మావారికి 2023 ఫిబ్రవరిలో రాత్రి పక్షవాతం వచ్చింది. 112కి ఫోన్ చేస్తే అంబులెన్సు 12 నిమిషాల్లో వచ్చింది. ఆసుపత్రిలో ఎవరూ నన్ను డబ్బు గురించి అడగలేదు. మేం ప్రభుత్వ ఆరోగ్య సేవలో పేరు నమోదు చేసుకుని నంబరు తీసుకున్నాం, దాంతోనే అంతా అయిపోయింది. ఆ విషయంలో ఈ దేశానికి చేతులెత్తి దండం పెడతాను. మా ఏరియా ఆరోగ్య కేంద్రంలో మాకంటూ ఫ్యామిలీ డాక్టరు మాత్రం ఐదేళ్లయినా రాలేదు. ఇక్కడ చాలామందికి అంతే.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. మావారు బ్యాంకులో పని చేసిన మనిషి, ఇంగ్లీషు గలగలా మాట్లాడేవారు. ఆ రోజు తర్వాత ఇంగ్లీషు పోయింది. నేర్చుకున్న నాలుగు పోర్చుగీసు మాటలూ పోయాయి. తెలుగు ఒక్కటే మిగిలింది. డాక్టర్లు అలా జరుగుతుంటుందని చెప్పారు. రాత్రి పూట నన్ను ఉండనిచ్చేవారు కాదు. పొద్దున వెళ్తే నర్సు, పాపం చిన్నపిల్ల, "రాత్రంతా ఒకటే మాట అన్నారు, అర్థం కాలేదు" అని ఫోన్లో రికార్డు చేసింది వినిపించింది. "దుప్పటి, దుప్పటి" అంటున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చి మందుల డబ్బా అట్టముక్క కత్తిరించి రాశాను. వాళ్ల అక్షరాల్లో మన మాటలు, పక్కన వాళ్ల అర్థం. దుప్పటి, నీళ్లు, నొప్పి, లైటు, బాత్రూమ్, సుభద్ర. పద్దెనిమిది మాటలు. మంచానికి కట్టాను. ఆ పిల్ల "నొప్పి?" అని అడగడం నేర్చుకుంది. ఒత్తు పలికేది కాదు, "నోపి" అనేది. ఆయన నవ్వేవారు. ఇరవై ఆరు రోజులు అలా గడిచాయి.

ఇక కాగితాల గురించి, ఎందుకంటే అవి నీకు పనికొస్తాయి. ఇద్దరి పేరు మీద ఉన్న ఖాతా అయినా ఆయన వాటా బ్యాంకువాళ్లు ఆపేస్తారు. వారసులెవరో తేల్చే పత్రం చేయించాక గానీ వదలరు. నా పేరు మీద విడిగా ఒక ఖాతాలో నాలుగు నెలల ఖర్చు ఉండి ఉంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు. చనిపోయిన నెల తర్వాత మూడో నెలాఖరులోగా పన్ను ఆఫీసులో ఆస్తుల వివరం ఇవ్వాలి. భార్యాపిల్లలకి పన్ను ఉండదు, కానీ ఇవ్వాల్సిందే. ఇంకోటి, యూరప్‌లో 2015 నుంచి ఉన్న నియమం ప్రకారం మనం ఏ దేశంలో స్థిరపడి ఉంటే ఆ దేశపు వారసత్వ చట్టమే వర్తిస్తుంది. మన దేశ చట్టమే వర్తించాలంటే వీలునామాలో ఆ మాట స్పష్టంగా రాసి పెట్టాలి. మేం రాయలేదు. నా కార్డు ఆయన మీద ఆధారపడినది, దాన్ని నా పేరున మార్చుకోవడానికి లాయర్ని పెట్టుకున్నాను.

దహనం ఇక్కడే చేశాం. అస్థికలు తీసుకుపోవడానికి మన రాయబార కార్యాలయం నుంచి కాగితం తెప్పించుకుని గోదావరిలో కలిపాను. అప్పుడే అక్కడ ఉండిపోదామనుకున్నాను. మూడు నెలలకి తిరిగి వచ్చేశాను. ఎందుకొచ్చావని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. ఇక్కడ కింది ఇంట్లో ఉండే ముసలావిడ రోజూ సాయంత్రం తలుపు తట్టి సూపు గిన్నె ఇచ్చిపోయేది. అక్కడ ఇంటినిండా జనం ఉన్నా, నన్ను చూస్తే వాళ్లు నవ్వడం ఆపేసేవారు. ఏది సరైందో నాకు తెలియదు చెల్లీ. నీకు చెప్పేది ఒక్కటే, వస్తే ఆయన కన్నా ముందు నువ్వు భాష నేర్చుకో.

మ్యూనిక్_కోడలు

సుభద్ర ఆంటీ… ఆఫీసులో కూర్చుని చదివాను, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. ఆ పద్దెనిమిది మాటల అట్ట మా అత్తమామల కోసం ఇవాళే జర్మన్‌లో చేసి పెడతాను.

లెక్కల_పిచ్చి

సుభద్రగారు చెప్పినదానికి ఒక చిన్న జోడింపు. ఇండియాలో ఖాతాలు, డిపాజిట్లు, ఫండ్లు అన్నింటికీ నామినీ ఉందో లేదో వెళ్లేముందే చూసుకోండి. ఎన్నార్వో ఖాతాలో ఆవిడ పేరు కూడా పెట్టి, ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు తీసుకునేలా రాయించండి. ఫ్లాట్ల వ్యవహారాలకి తమ్ముడికో ఎవరికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు, కానీ అమ్మే అధికారం అందులో కలపకండి. నా ఆఫీసుకి వచ్చే కేసుల్లో సగం అవే.

తెనాలి61

మళ్లీ నేనే, ఈసారి నిజంగా నేనే. నిన్న వాకింగ్ నుంచి వచ్చేసరికి మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, "చదవండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సుభద్రగారి పోస్టు రెండుసార్లు చదివాను. అమ్మా, రాసినందుకు ఏమనాలో తెలియడం లేదు.

రాత్రి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. డి7 ఇప్పుడు పెట్టడం లేదు. ఒక ఫ్లాటు అమ్మి డిపాజిట్ వేస్తే ఆదాయం సరిపోతుందా అని నేను లెక్క మొదలుపెట్టగానే, "మా అమ్మ ఉన్నన్నాళ్లు ఆ మాటెత్తకండి" అంది. దాని మీద చర్చ లేదు. అయితే జనవరిలో టూరిస్టు వీసా మీద రెండు నెలలు వచ్చి కాల్డాస్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని ఉండి చూద్దామని మాత్రం ఒప్పుకుంది. హోటల్లో కాదు, వండుకుని తినేలా. బూజు గోడ ఉన్నా సరేనంది. అది చూశాకే మాట్లాడదామంది. మధ్యలో పది రోజులు మ్యూనిక్. ఈలోగా తను ఫోన్లో పోర్చుగీసు పాఠాలు మొదలుపెట్టింది. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ "బొం దియ" అంది, శుభోదయమట.

రావుగారూ, జనవరిలో మీ ఊళ్లో రెండు నెలలకి ఇల్లు దొరుకుతుందా?

కాల్డాస్_రావు

చలికాలం కాబట్టి సముద్రం పక్క ఊళ్లలో వేసవి ఇళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం కూడా కుదురుతుంది. నేను వెళ్లి గోడలు స్వయంగా తడిమి చూసి చెబుతాను, ఫొటోలు నమ్మకండి. తేమ మిషన్ మాదే ఇస్తాను, రోజూ నీళ్లు పారబోసే డ్యూటీ మాత్రం మీదే. వీసాకి ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకుండా తీసుకోండి. మందపాటి సాక్సులు తెచ్చుకోండి, ఇక్కడి టైల్స్ ఐసుముక్కల్లా ఉంటాయి.

మా ఆవిడ ఒక మాట రాయమంటోంది. ప్రెజర్ కుక్కర్ గాస్కెట్లు రెండు తెస్తారా? ఇక్కడ దొరకవు.

తెనాలి61

తప్పకుండా. ఎన్ని లీటర్లది? మా ఆవిడ అడుగుతోంది, మూత లోపలికి పట్టేదా, బయట పట్టేదా?

కాల్డాస్_రావు

ఐదు లీటర్లు. లోపలికి పట్టేది.

సుభద్ర_పోర్టో

నాకూ ఒకటి, మూడు లీటర్లది. చెల్లిని పోర్టోకి కూడా తీసుకురండి, రైల్లో రావచ్చు.